మన లెక్క మనమే రాసుకుందాం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పటేళ్లకు, దేవారిలకు, రాయి సెంటర్ సార్మేడిలకు, ఈ వానలో వాగులు దాటి వచ్చిన అవ్వలకు, అక్కలకు దండాలు. ఇవాళ ఎక్కువగా తమ్ముళ్లతో, చెల్లెళ్లతో మాట్లాడాలి కాబట్టి పెద్దలు కాస్త ఓపిక పట్టండి.

మాకు ఇచ్చిన అంశం ‘సేవా సంఘాలకు సొంత పరిశోధన ఎందుకు?’ పేరు వినగానే వెనక బెంచీల్లో కొందరు ఫోన్లు తీశారు. తీయండి, పర్వాలేదు. ఆ ఫోన్లతోనే పని ఉంది, చివర్లో చెబుతాం.

పరిశోధన అనగానే మన గూడేల్లో గుర్తొచ్చేది జీపు దిగిన ఒక మనిషి, ఆయన చేతిలో నాలుగు పేజీల ఫారం. ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు, మరుగుదొడ్డి ఉందా, అప్పు ఎంత. గంటలో పని ముగించి, గుసాడీ టోపీ పెట్టుకుని ఒక ఫోటో దిగి వెళ్లిపోతాడు. ఏడాదికి ఇంకొకరు వస్తారు, అవే ప్రశ్నలు. ‘మొన్న వచ్చినోళ్లు రాసుకుపోయిన కాగితం ఏమైంది?’ అని అవ్వలు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ కాగితం ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు గూడెంలో ఒక్కరూ ఉండరు. మనకు తెలిసిన పరిశోధన అంటే మన గురించి ఎవరో రాసుకుని పట్టుకుపోయేది.

మేము చెప్పేది వేరు. మనకు పనికొచ్చే ప్రశ్న మనమే వేసుకోవాలి. జవాబు తెలిసిన మనుషుల దగ్గరికి నడిచి వెళ్లాలి. విని, లెక్కపెట్టి, ఎవరు ఎప్పుడు ఎక్కడ చెప్పారో రాసి, ఆ కాగితాన్ని గూడెంలోనే ఉంచాలి. సొంత పరిశోధన అంటే ఇంతే. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఓపిక కావాలి, ఈ రోజుల్లో అది పీహెచ్‌డీ కన్నా అరుదు.

ఇది ఎందుకంత ముఖ్యమో మన గడ్డ మీది ఒక సంగతితోనే చూద్దాం. 1981 ఏప్రిల్ 20. ఇంద్రవెల్లి. ఆ రోజు సంత. భూమి కోసం, గిట్టుబాటు ధర కోసం సభ పెట్టుకున్న మనవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఎంతమంది చనిపోయారు? ప్రభుత్వం 13 మంది అంది. హక్కుల సంఘాలు అరవై దాకా అన్నాయి. వంద దాటారని మన ఊళ్లలో చెప్పుకుంటారు. నలభై ఏళ్లు దాటాయి. స్తూపం దగ్గర ప్రతి ఏటా పూలు పెడతాం. 13 ఎక్కడ, వంద ఎక్కడ! ఈ మధ్యలో ఉన్నవాళ్లు మనుషులు. వాళ్లకు పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి, ఏ ఊరి నుంచి సంతకు బయలుదేరారో ఆ ఊళ్లున్నాయి. ఆ నెలలోనే ఊరికి ఇద్దరు కుర్రాళ్లు నోటుబుక్కు పట్టుకుని, సంతకు పోయి తిరిగి రానివాళ్ల పేర్లు ఇంటింటికీ అడిగి రాసి ఉంటే, పక్కన పటేల్ వేలిముద్ర వేయించి ఉంటే, ఇవాళ లెక్క గురించి వాదనే ఉండేది కాదు. అప్పటి భయంలో, పోలీసుల నిఘాలో అది ఎంత కష్టమో ఊహించుకోగలం. ఆనాటివాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కానీ ఆ సంతను కళ్లతో చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలలో ఉన్నారు. ఇంకో పదేళ్లు పోతే అడగడానికి మనుషులే ఉండరు.

ఇంకాస్త వెనక్కి పోదాం. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీంను నిజాం పోలీసులు చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి అదే నిజాం ప్రభుత్వం ఒక మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయనే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆస్ట్రియా మనిషి. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. పర్ధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే సగల కథలు విని రాసుకున్నాడు. ఎవరి భూమి ఎవరి చేతిలోకి ఎట్లా పోయిందో, అడవి హద్దులు పోతూ దున్నుకునే చేనును ఎట్లా మింగాయో విచారించి ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చాడు. ఆ తర్వాత మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది, గోండిలో వాచకాలు వచ్చాయి, వేల కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలు వచ్చాయి.

తమ్ముళ్లు ఇక్కడ ఒక సంగతి పట్టుకోవాలి. తిరుగుబాటు చేసింది మనవాళ్లు, ప్రాణం ఇచ్చింది భీం. అది లేకపోతే నివేదిక లేదు. కానీ కచేరీలో కాగితం మీద పని నడవాలంటే ఏ ఊర్లో ఎన్ని ఎకరాలు ఎవరికి పోయాయో రాసి చూపించిన లెక్క కూడా అవసరమైంది. రెండూ కలిస్తేనే పట్టా వచ్చింది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని మేము అనడం లేదు.

ఆ కథకు ఇంకో సగం ఉంది, అది బాధాకరమైనది. 1970ల్లో హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూశాడు. ఇచ్చిన భూముల్లో చాలా వరకు మళ్లీ చేతులు మారిపోయాయి. 1982లో అచ్చైన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంలో ఆ మాట రాశాడు. ముప్పై ఏళ్లలో అంత భూమి ఎట్లా జారిపోయింది? వలసలు, అప్పులు, అధికారుల అలసత్వం, ఇట్లా కారణాలు చాలా ఉన్నాయి. మాకు తోచిన ఇంకో కారణం కూడా చెబుతాం. ఆ లెక్కంతా ఇంగ్లీషులో ఉండిపోయింది. ఎవరి చేను హద్దు ఎక్కడో చెప్పే కాగితం ఆ చేను దున్నేవాడి దగ్గర లేదు. ఇప్పటికీ ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ వాళ్ల వెబ్‌సైటు తెరవాలి. ఆయన మీద, బెట్టీ అమ్మ మీద మనకు గౌరవం ఉంది. మార్లవాయిలో వాళ్ల సమాధులకు ఇప్పటికీ మనవాళ్లే నివాళి అర్పిస్తారు. కానీ ఒక మంచి మనిషి వచ్చి రాస్తే తప్ప మన సంగతి ఎక్కడా ఉండదనే పరిస్థితి మంచిది కాదు. ప్రతి తరానికీ ఒక హైమన్‌డార్ఫ్ రాడు.

భీం కథనే తీసుకోండి. సర్కారు కాగితాల్లో ఆయన నేరస్తుడు. ఆయన మనకు వీరుడిగా మిగిలింది నోటి మాట వల్ల, పాట వల్ల. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. దానితో ఆ కథ తెలుగు నేల అంతటికీ తెలిసింది. అప్పటికి భీం పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన చనిపోయిన తేదీ మీద ఇప్పటికీ తేడాలున్నాయి. పుస్తకాల్లో ఒక తేదీ ఉంటుంది, మనం ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి చేసుకుంటాం. మనకు తిథి గుర్తుంది, వాళ్లకు తారీఖు గుర్తుంది. పాఠ్యపుస్తకంలోకి తారీఖే ఎక్కుతుంది.

గుంజాల సంగతి మీలో చాలామందికి తెలుసు. నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో కొన్ని ఇళ్లలో పాత రాతప్రతులు తరాలుగా ఉన్నాయి. అవి చదవగలిగిన పెద్దలు కొద్దిమంది మిగిలారు. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టించుకున్నాక అది గోండికి చెందిన సొంత లిపి అని లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లో ‘గుంజాల గోండి’ అనే పేరుతో చేరింది. అంటే ఇవాళ కంప్యూటర్లో ఆ అక్షరాలకు సొంత స్థానం ఉంది. ‘గోండికి లిపి లేదు’ అని బడిలో మనతో ఎన్నిసార్లు అనలేదు! ఆ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పలేదు, వాళ్లకు తెలియదు. గుంజాల వాళ్లకు తెలుసు. తెలిసిన సంగతి ఊరు దాటలేదు, అంతే. ఇంకా ఎన్ని ఇళ్లలో, ఎన్ని పెట్టెల్లో ఏమేం ఉన్నాయో అడిగి చూసింది ఎవరు? పర్ధాన్, తోటి కుటుంబాల దగ్గర ఉన్న గొంగడి మూట విప్పి చూపించమని మర్యాదగా అడిగింది ఎవరు?

‘ఇదంతా చరిత్ర, సంస్కృతి. కడుపు నిండే పని కాదు’ అని ఎవరైనా అనవచ్చు. అయితే ప్రాణహిత దాటి గడ్చిరోలికి పోదాం. అక్కడ ఉన్నదీ మన గోండులే, మారియాలే.

1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ ‘సెర్చ్’ అనే సేవా సంస్థ పెట్టారు. వైద్యం చేస్తూనే ఊళ్లలో అధ్యయనాలు మొదలుపెట్టారు. వాటిలో ఒకటి ఆడవాళ్ల ఆరోగ్యం గురించి. అప్పటిదాకా ప్రభుత్వాలకైనా విదేశీ దాతలకైనా పల్లె స్త్రీ ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ. అంతకు మించి ఆలోచన లేదు. వీళ్లు రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షించారు. వారిలో 92 శాతం మందికి స్త్రీ సంబంధమైన ఏదో ఒక జబ్బు ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా దానికి డాక్టర్ పరీక్ష జరిగినవాళ్లు 8 శాతమే. 1989లో ఆ ఫలితాలు ‘లాన్సెట్’ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత ప్రపంచ స్థాయిలోనే స్త్రీ ఆరోగ్యం గురించి మాట్లాడే తీరు మారింది. ఎన్ని ఊళ్లు? రెండు. రెండే ఊళ్లు.

తర్వాత పసిపిల్లల చావులు. ఊళ్లలో న్యుమోనియాతో పిల్లలు పోతున్నారు. జబ్బు గుర్తుపట్టాలంటే నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టాలి. మంత్రసానులకు అంకెలు అంత దూరం రావు. అందుకని వాళ్ల కోసం పూసల చట్రం ఒకటి చేశారు. పక్కన ఒక నిమిషపు ఇసుక గడియారం. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు హద్దు పూస దాటితే జబ్బు ఉన్నట్టు. చదువురాని అవ్వ డాక్టర్ చేసే నిర్ధారణ చేసింది! మనవాళ్లకు లెక్క రాదు అనేవాళ్లకు ఈ పూసల చట్రం చూపించాలి.

ఆపైన పుట్టిన బిడ్డలకు ఇంటి దగ్గరే సంరక్షణ ఇచ్చే పద్ధతి తయారు చేశారు. 39 ఊళ్లలో ఆ పద్ధతి పెట్టి, 47 ఊళ్లను పక్కన పోలికకు ఉంచుకుని, ప్రతి పుట్టుకనూ ప్రతి చావునూ రాశారు. పద్ధతి పెట్టిన ఊళ్లలో పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇవాళ ఆశా అక్క కాన్పు అయిన ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఒళ్లు తాకి చూసి పోతుంది కదా. 2011 నుంచి దేశమంతా నడుస్తున్న ఆ పథకానికి మూలం గడ్చిరోలి ఊళ్లలో రాసిన ఆ లెక్కే. ఒక సంస్థ ఎంత పెద్ద ఆసుపత్రి కట్టినా ఒక జిల్లాకు పనికొచ్చేది. రాసి నిరూపించిన లెక్క ఉట్నూరు దాకా వచ్చింది.

వాళ్లు డాక్టర్లు, చదువుకున్నవాళ్లు అంటారా? అయితే అదే జిల్లాలో మేండా లేఖా అనే ఊరు చూడండి. గోండు ఊరు, చిన్నది. అక్కడ గ్రామసభ ఒకటి, అధ్యయన బృందం ఒకటి వేరువేరుగా నడుస్తాయి. అధ్యయన బృందంలో ఊరివాళ్లు, బయటి నుంచి వచ్చిన స్నేహితులు కూర్చుని ఒక విషయం మీద చదువుతారు, వాదించుకుంటారు, అడవిలో తిరిగి చూసి వస్తారు. నిర్ణయం మాత్రం బృందానిది కాదు, గ్రామసభదే. అదీ మెజారిటీ లెక్కన కాదు, అందరూ ఒప్పుకున్నాకే. దేవాజీ తోఫా, మోహన్ హీరాబాయి హీరాలాల్ పేర్లు మీరు విని ఉంటారు. ఈ అలవాటు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఉంది కాబట్టే, అటవీ హక్కుల చట్టం వచ్చేసరికి తమ అడవి ఎంత, హద్దులు ఏవి, ఏం తెచ్చుకుంటున్నారు అన్నది వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. 2009లో దేశంలోనే మొదట సామూహిక అటవీ వనరుల హక్కు పొందిన ఊళ్లలో అది ఒకటి. సుమారు 1,800 హెక్టార్లు. ఆ తర్వాత కూడా వెదురు మీద అటవీ శాఖతో గొడవ నడిచింది. వెదురు కలప అని శాఖ అంది. చట్టంలో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అని రాసి ఉందని ఊరు చదివి చూపించింది. 2011లో కేంద్ర మంత్రి స్వయంగా వచ్చి రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతికి ఇప్పించాల్సి వచ్చింది.

ఆ చట్టం మనకూ వర్తిస్తుంది. నియమాల్లో 13వ నియమం ఒకసారి చదవండి, తెలుగులో దొరుకుతుంది. సాక్ష్యంగా ఏం పనికొస్తుందో అందులో ఉంది. సర్కారు కాగితం ఒక్కటే కాదు. ఇల్లు, గట్టు, చెక్‌డ్యామ్, పాత బావి, శ్మశానం, దేవతా స్థలం, వంశవృక్షం అన్నీ పనికొస్తాయి. హక్కు కోరేవాడు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పిన మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రం సాయంగా వాడొచ్చు గానీ, మిగతా సాక్ష్యాల స్థానంలో దాన్ని పెట్టకూడదని 2012 సవరణలో ఉంది. అంటే మన పెన్‌ల స్థలాలు, మన తాతల సమాధులు, మన అవ్వల జ్ఞాపకం చట్టం ముందు నిలబడే సాక్ష్యాలు. రాయకపోతే మాత్రం కాదు. చట్టం అడిగేది ‘రాతలో పెట్టిన’ మాట.

మెస్రం వంశస్తులు నాగోబా కోసం కెస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాకా నడిచి గోదావరి నీళ్లు తెస్తారు. ఏ ఊళ్లో ఆగుతారు, ఏ చెట్టు కింద బస చేస్తారు, ఏ వాగు దగ్గర నీళ్లు తాగుతారు అన్నది వాళ్లకు కంఠతా వచ్చు. మన ఊరి పెర్సపేన్‌కు, మన దండారి పోయే దారులకు కూడా ఇట్లాంటి బాటలు ఉన్నాయి. వంశ పెద్దలు ఒప్పుకుంటే ఆ బాటను ఫోన్లో మ్యాపు మీద గుర్తుపెట్టడం ఒక రోజు పని. ఒప్పుకుంటేనే. ఆ మాట మళ్లీ చెబుతాం.

ఇక మన సంఘాల సంగతి. సూటిగా మాట్లాడుకుందాం. ఐటీడీఏకైనా, కంపెనీల సామాజిక నిధికైనా దరఖాస్తు పెట్టాలంటే మనం ఏం చేస్తాం? ఇంటర్నెట్‌లో నుంచి నాలుగు పేరాలు దింపుతాం. ‘ఆదివాసీలు వెనుకబడి ఉన్నారు, అక్షరాస్యత తక్కువ, పోషకాహార లోపం ఉంది’ అని రాస్తాం. అదే పేరా ఒడిశా సంఘం వాళ్లూ రాస్తారు, జార్ఖండ్ వాళ్లూ రాస్తారు. చదివే అధికారికి ఏది మనదో ఎట్లా తెలుస్తుంది? ‘మా మూడు గూడేల్లో పోయినేడు ఆశ్రమ పాఠశాలలో చేరిన ఆడపిల్లలు ఇంతమంది, దసరా సెలవుల తర్వాత తిరిగి పోనివాళ్లు ఇంతమంది, వాళ్లు చెప్పిన కారణాలు ఇవి’ అని రాసి చూడండి. ఆ కాగితం పక్కన పెట్టడం కష్టం. డబ్బు రాకపోయినా ఫర్వాలేదు, కనీసం మనం చేసే పని మారుతుంది. పిల్లలు చదువు మానేది బడి దూరమని మనం అనుకుంటూ సైకిళ్లు పంచుతాం. అడిగితే ‘హాస్టల్లో నా భాషలో మాట్లాడితే నవ్వుతారు’ అని చెప్పొచ్చు. ఆ బాధకు సైకిల్ మందు కాదు.

భాష మాట వచ్చింది కాబట్టి, మీరు వెంటనే మొదలుపెట్టగలిగే పని ఒకటి చెబుతాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు 29 లక్షల 84 వేల మంది. కొలామి చెప్పినవాళ్లు లక్షా 28 వేల మంది. పెద్ద అంకెలు. కానీ మీ గూడెంలో గోండి బతికే ఉందా లేదా అన్నది ఆ అంకెలు చెప్పవు. ‘మీ పిల్లలకు గోండి వస్తుందా?’ అని అడిగితే ప్రతి తల్లీ ‘వస్తది’ అనే అంటుంది. పరువు కదా. ప్రశ్న మార్చండి. ‘నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు చిన్నోడితో ఏ భాషలో మాట్లాడావు? వాడు ఏ భాషలో జవాబిచ్చాడు?’ అని అడగండి. రెండో ప్రశ్నలోనే అసలు సంగతి బయటపడుతుంది. అవ్వ గోండిలో అడుగుతుంది, మనవడు తెలుగులో చెబుతాడు. ఎన్ని ఇళ్లలో ఇట్లా ఉంది? గూడెంలో నలభై ఇళ్లుంటే నలభైకి నలభై అడగండి. ముప్పై తొమ్మిది దగ్గర ఆపొద్దు. తలుపు వేసి ఉన్న ఆ ఒక్క ఇల్లు పనికి వలస పోయినవాళ్లది అయి ఉంటుంది, వాళ్ల పిల్లల సంగతే అందరికన్నా వేరుగా ఉంటుంది. జనాభా లెక్కలవాళ్లు మళ్లీ మాతృభాష అడగడానికి వచ్చేలోపు మన లెక్క మన దగ్గర ఉంటే, ఎన్యూమరేటర్ అడగకుండానే ‘తెలుగు’ అని రాసేసుకుంటే ఆపి దిద్దించగలం.

రాసేటప్పుడు కొన్ని పట్టింపులు ఉండాలి. ముందు గూడెంలో కూర్చుని, ఎందుకు అడుగుతున్నామో గోండిలోనో కొలామిలోనో చెప్పాలి. వద్దన్నవాళ్లను బలవంతం చేయొద్దు. ఆడవాళ్ల సంగతులు ఆడపిల్లలే అడగాలి. చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి, మనకు నచ్చినట్టు సవరించొద్దు. ‘సుమారు యాభై ఏళ్ల కింద’ అని తాత అంటే అట్లాగే రాయండి, లెక్క కట్టి ఏదో సంవత్సరం వేయొద్దు. కరువు వచ్చిన ఏడు, పెళ్లయిన ఏడు అని ఆయన కాలాన్ని కొలుస్తాడు, అదీ రాయండి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. కాగితం మీద గెలిపించాల్సిన పోటీ కాదు అది.

అన్నిటికన్నా కష్టమైనది, మనకు నచ్చని జవాబు. బాల్యవివాహాలు ఎన్ని, గుడుంబా ఎన్ని ఇళ్లలో ఉంది, ఆడపిల్ల చదువు ఆపింది బడి దూరమా లేక ఇంటి పెద్దనా, ఇవి అడిగితే మన తప్పులూ బయటకొస్తాయి. బయటివాళ్లకు అలుసు అవుతామని కొందరు పెద్దలు ఆపమంటారు. వాళ్ల భయానికి అర్థం ఉంది, మన గురించి చెడుగా రాసినవాళ్లను మనం తక్కువగా చూశామా! అట్లాంటి ఫలితాన్ని ముందు గ్రామసభలో పెట్టాలి, రాయి సెంటర్‌లో పెట్టాలి. బయటికి పోవాలా వద్దా అన్నది అక్కడ తేలాలి. దాచిపెట్టి, లేని మంచిని రాసే సంఘం మాత్రం ఒక్కసారి దొరికిపోతే మళ్లీ దాని మాట ఎవరూ నమ్మరు.

పవిత్రమైన సంగతులు వేరు. పెన్ పూజలో కొన్ని మాటలు ఆ సగ వాళ్లు తప్ప ఇంకెవరూ వినకూడదు. అవి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టి వ్యూస్ లెక్కపెట్టుకునేవాళ్లు మనలోనే తయారయ్యారు. అది పరిశోధన కాదు, దొంగతనం. పర్ధాన్ తాత పాట రికార్డు చేస్తే, దాని మీద మొదటి హక్కు ఆయనది, ఆయన కుటుంబానిది. ఒక కాపీ ఆయన మనవడి ఫోన్లో ఉండాలి. ఏది అందరికీ, ఏది ఇంటివాళ్లకే అన్నది ఆయన్నే అడిగి, ఆయన మాట కూడా అదే రికార్డులో ఉంచండి.

గుసాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మనమంతా పొంగిపోయాం. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన ఆడిన వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఆయన అడుగు ఎవరి దగ్గర నేర్చారు, చిన్నప్పుడు దండారి ఎన్ని రోజులు నడిచేది, టోపీకి నెమలి ఈకలు ఎట్లా సేకరించేవారు, కట్టడంలో ముందు ఏది తర్వాత ఏది, ఇవి ఆయన నోటితో ఎంత రాసి ఉంచాం? అవార్డు వచ్చిన మనిషి దగ్గరే పరిస్థితి ఇది అయితే, ఏ అవార్డూ రాని మీ ఊరి కటోడ దగ్గర ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అందుకని ఇప్పుడు ఫోన్లు తీయండి. ఉపన్యాసం అయిపోయింది, పని చెబుతాం. ప్రతి ఊరి నుంచి ఇద్దరు, వీలైతే ఒక తమ్ముడు, ఒక చెల్లెలు, మీ గూడెంలో డెబ్బై దాటినవాళ్ల పేర్ల జాబితా రాయండి. పేరు, ఇంటిపేరు, సగ, పుట్టిన ఊరు, బాగా తెలిసిన విషయం, అది పాటనా, మందుమొక్కనా, హద్దులా, పాత తగాదాలా. నోటుబుక్కులు సంఘం ఇస్తుంది, లోపలి అట్ట మీద గూడెం పేరు రాసుకోండి. రికార్డు చేసిన ఫైలుకు ఊరు, తేదీ, మనిషి పేరు పెట్టండి. ‘కొత్త రికార్డింగ్ 47’ అని వదిలేస్తే ఆరు నెలలకు మీకే తెలియదు. ఒక కాపీ ఊళ్లో, ఒక కాపీ సంఘం కంప్యూటర్లో. ఇంద్రవెల్లి సంతకు పోయినవాళ్లు ఇంకా బతికి ఉన్న ఊళ్లు ముందు తీసుకుందాం, వాళ్లు ఎక్కువ రోజులు ఆగలేరు. ఆ ఊళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు భోజనాల తర్వాత వేదిక ఎడమ పక్కకు రండి, ఎవరు ఎవరింటికి పోవాలో అక్కడే రాసుకుందాం.

సేవా జోహార్.